సర్దార్ సాబ్, చక్కెర గోలీలు

గోదావరిఖనిలో ఒక సర్దార్ ఉండేవాడు. తలపాగా సర్దార్ కాదు, మైనింగ్ సర్దార్. బొగ్గుబాయిలో డిస్ట్రిక్టు అనే ఒక భాగం ఆయన చేతిలో ఉండేది. షిఫ్టు మొదలుకాకముందే మనుషులందరినీ వెనక ఆపి, క్యాప్ ల్యాంపు వెలుగులో తాను ముందు లోపలికి పోయేవాడు. కర్రతో రూఫ్‌ను కొట్టి చెవి పెట్టేవాడు. ఖంగుమంటే రాయి గట్టిది. డొల్లగా డబ్బుమంటే లోపల పొర విడిపోయిందన్నమాట. అలాంటి చోట పెచ్చు దింపాలి, లేకపోతే బోల్టులు కొట్టి ఆపు చెయ్యాలి. అప్పటిదాకా దానికింద ఎవరూ అడుగు పెట్టకూడదు. చూసినదంతా రిపోర్టు బుక్కులో రాసి సంతకం చేయాలి. చట్టం చెప్పేది ఇంతే. మన సర్దార్ ఇంకో మెట్టు పైన ఉండేవాడు. పెళ్లికి పోయినా భోజనాల గదిలో కూర్చునేముందు ఒకసారి పైకి చూసేవాడట.

ఒకనాడు కొత్తగా వచ్చిన బదిలీ వర్కర్ ఒకడు, ఇంకా మీసాలు సరిగా రాని పోరడు, ఆగలేక అడిగాడు.

“కాకా, నిన్న ఇక్కడనే పని జేసినం. ఏం గాలే. మల్ల కొట్టుడెందుకు?”

“నిన్న పడలేదంటే నిన్న పడనట్టు. ఇయ్యాల సంగతి ఇయ్యాలనే అడగాలె.”

“ఎవర్ని అడుగుతం కాకా?”

“రూఫ్‌నే.”

పోరడు నవ్వాడు గానీ మాట మనసులో పెట్టుకున్నాడు. కొన్నేళ్లకు పరీక్ష పాసై తానూ సర్దార్ అయ్యాడు.

పెద్ద సర్దార్ రిటైరై కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి మార్కండేయ కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. భార్య, కొడుకు, కోడలు, నాలుగేళ్ల మనుమరాలు. ఆ పిల్లకు తాత మంచం తప్ప ఇంకో మంచం ఎక్కదు. బాయి మనిషికి రిటైరయ్యాక వచ్చేవన్నీ ఆయనకూ వచ్చాయి. మోకాళ్లు పట్టేశాయి, కాళ్ల మీద దురద, రాత్రి రెండింటికి మెలకువ. దురదకు ఎవరో చెబితే లక్ష్మీనగర్‌లో హోమియో డాక్టర్ దగ్గరికి పోయాడు. బీహెచ్ఎంఎస్ చదివిన పద్ధతైన మనిషి.

అక్కడ ఆయనకు ఒక వింత జరిగింది. డాక్టర్ తొందరపడలేదు. ఏ పక్కకు తిరిగి పడుకుంటావు, దాహం చల్లనీళ్లకా వేడినీళ్లకా, తీపి ఇష్టమా పులుపా, కోపం వస్తే అరుస్తావా లోపల పెట్టుకుంటావా, ఏ కలలు వస్తాయి, అన్నీ అడిగి రాసుకున్నాడు. సర్దార్ ఇంటికొచ్చి భార్యతో అన్నాడు: “ఇన్నేండ్లు బాయిల జేసిన. నీకు ఏ కల వస్తదని ఒక్కడన్న అడిగిండా? ఈ సారు అడిగిండు.”

దురద తగ్గింది. చలికాలం పోయి ఎండలు ముదిరాక తగ్గిందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. భార్య వేలిమీద ఉలిపిరి కాయ ఉంటే దానికీ గోలీలు తెచ్చారు, అది కొన్ని నెలలకు రాలిపోయింది. పిల్లకు జలుబు చేస్తే గోలీలు, వారంలో జలుబు పోయింది. అలా ఆ ఇంట్లో చిన్న తెల్ల గోలీలకు దేవుడి గూటి పక్కన జాగా దొరికింది. చేత్తో ముట్టుకోకూడదు, మూతలో పోసుకుని నాలుక మీద వేసుకోవాలి. ఉల్లిగడ్డ వద్దు, కాఫీ వద్దు, ఇంట్లో కర్పూరం వద్దు. దేవుడికి హారతి మానడం భార్యకు నచ్చలేదు గానీ ఊరుకుంది.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు దగ్గు పట్టుకుంది. దుమ్ములో బతికిన మనిషికి దగ్గు కొత్తకాదు. ఈ దగ్గు మాత్రం వదల్లేదు. డాక్టర్ దగ్గరికి పోతే ఆయన వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గోలీలు ఇచ్చాడు, ఒక చీటీ కూడా రాసిచ్చాడు. “ఇవి దగ్గుకు. దీనికంటే ముందు ఛాతీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష చేయించుకొని రా సర్దార్ సాబ్.” సర్దార్ చీటీని నాలుగు మడతలు పెట్టి కళ్లద్దాల డబ్బాలో దాచాడు. గోలీలు అయిపోయాక మళ్లీ డాక్టర్ దగ్గరికి పోతే చీటీ సంగతి అడుగుతాడు. అందుకని పోలేదు. సీసా మీది పేరు చూపించి షాపులో అదే మందు కొనుక్కోవడం మొదలుపెట్టాడు.

బోనాలు అయ్యాయి, బతుకమ్మ అయ్యింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చగా ఉండేది. బనీను వదులైంది. భార్య అడిగితే “మందు లోపలికి దిగుతున్నది, ముందుగాల ఎక్కువైతది, తర్వాత తగ్గుతది” అన్నాడు.

దసరా సాయంత్రం చిన్న సర్దార్ జమ్మి పట్టుకుని వచ్చాడు. పెద్దాయన చేతిలో బంగారం పెట్టి కాళ్లకు మొక్కి లేచి, ముఖం చూసి ఆగిపోయాడు.

“ఏంది కాకా, గిట్లయినవ్?”

“దగ్గు. మందు వాడుతున్న. హోమియో.”

“ఎప్పటి సంది?”

“బోనాలకు ముందట్నుంచి.”

“తగ్గిందా?”

“తగ్గుతది. మెల్లగ పనిజేస్తది. వేరు కాడికి పోతది.”

“నాకైతె పెరిగినట్టె కొడుతున్నది.”

“పెరిగితే మందు పట్టినట్టు.”

“మరి తగ్గితే?”

“తగ్గినా పట్టినట్టే గదా.”

“గట్లనే ఉంటె?”

పెద్దాయన కొంచెం నసిగాడు. “మొన్న పెండ్లిల ఉల్లిగడ్డ తిన్న. దాంతోని పవర్ పోయింది.”

చిన్న సర్దార్‌కు నవ్వు రాబోయింది, ఆపుకున్నాడు. మంచం మీద పిల్ల తాత తొడ మీద తలపెట్టి నిద్రపోతోంది. దాన్ని చూసి మెల్లగా అన్నాడు. “కాకా, నీకో రూఫ్ సంగతి జెప్త. ఖంగుమంటే మంచిదంట. డబ్బుమన్నా మంచిదేనంట. పెచ్చులు రాలుతుంటే లోపలి చెడు బయటికి వస్తున్నదంట. మొత్తం మీద పడితే, కింద నిలబడ్డోడు ఉల్లిగడ్డ తిన్నడంట. ఈ రూఫ్ కిందికి నువ్వు నన్ను పంపుతుండెనా?”

“బాయిని, మందును ఒక్కటి జేస్తవారా!” అని పెద్దాయన కసురుకున్నాడు. కసురుతూ దగ్గాడు. దగ్గుతో పిల్ల లేచి ఏడ్చింది. ఇచ్చిన చాయ్ తాగి, చిన్న సర్దార్ ఇంకేమీ అనకుండా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి పెద్ద సర్దార్‌కు నిద్ర రాలేదు. తెల్లారగట్ల లేచి కళ్లద్దాల డబ్బా తెరిచి చీటీ మడతలు విప్పాడు.

కంపెనీ ఏరియా ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయనను చొక్కా విప్పమంది. ఎడమచేతి వేలిని వీపుమీద ఆనించి, కుడిచేతి వేలితో దానిమీద కొట్టుకుంటూ పైకి పోయింది. సర్దార్ ఆ చప్పుడు విన్నాడు. కుడిపక్క పైభాగానికి వచ్చేసరికి చప్పుడు మారింది. ముప్పై మందిని ఆపి తాను వినే చప్పుడు అది.

“ఇక్కడ గట్టిగ మోగింది గదా అమ్మా. గట్టిగుంటే మంచిదే గదా?” ఆశగా అడిగాడు.

“మీ బాయిలో గట్టిగా మోగాలి తాతా. ఛాతీలో గాలి ఉంటుంది, డొల్లగా మోగాలి. గట్టిగా ఉందంటే అక్కడ గాలి ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది.”

ఎక్స్‌రేలో మచ్చ కనిపించింది. తెమడలో టీబీ దొరికింది. దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో ఆ క్రిమి సులువుగా పాతుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఆరు నెలల మందులు, మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు తక్కువ రకాలు. అన్నీ ఉచితం. ఒక్క రోజు కూడా మానకూడదు. సర్దార్ అన్నిటికీ తలూపాడు. చావు భయం ఆయనకు పెద్దగా లేదు, బాయిలో చాలాసార్లు చూసిందే. డాక్టరమ్మ రాసుకుంటూ తల ఎత్తకుండా అడిగింది:

“ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా? మీ పక్కన ఎవరైనా పడుకుంటారా?”

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ఆమె రెండోసారి అడగాల్సి వచ్చింది.

మనుమరాలికి జబ్బు రాలేదు. కానీ అంత దగ్గరగా, అన్ని నెలలు ఆ దగ్గు పక్కన పడుకున్న పిల్ల కాబట్టి రాకుండా మందు వేయాలన్నారు. రోజూ రాత్రి కోడలు మాత్ర నలిపి నీళ్లలో కలిపేది. పిల్ల మూతి బిగించేది, కక్కేది, ఏడ్చేది. మళ్లీ పట్టాలి. ఆ తతంగం జరుగుతున్నంతసేపూ సర్దార్ ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. లేచి పోవచ్చు, పోయేవాడు కాదు. తట్టి చూడని రూఫ్ కిందికి ఒక్క మనిషినైనా పంపని సర్దార్ అని బాయి మీద ఆయనకు పేరు.

కొంచెం ఓపిక వచ్చాక లక్ష్మీనగర్ పోయి హోమియో డాక్టర్ ముందు నిలబడి కోపంగా అడిగాడు. “నా రోగం మీకెందుకు ఎర్కలే సారు?” డాక్టర్ మాట్లాడకుండా రిజిస్టర్ తీసి ఆ పేజీ తిప్పాడు. తేదీ ఉంది. కింద రాసి ఉంది: ఛాతీ ఎక్స్‌రే, తెమడ. కింద సంతకం. సర్దార్‌కు అలాంటి బుక్కులు కొత్తకాదు. “రాసిన,” అన్నాడు డాక్టర్. “రాసుడు అయితె రాసిన. నువ్వు రాకపోతే మనిషిని పంపి అడగాలె. అడగలే.” ఇద్దరూ కాసేపు ఆ పేజీ చూస్తూ ఉండిపోయారు.

చిత్రమేమంటే ఆయన మోకాళ్లకు గోలీలు మానలేదు. కానీ పద్ధతి మార్చాడు. డాక్టర్‌నే అడిగి రెండు సీసాలు తెచ్చుకున్నాడు, ఒకదానిలో మందు పోసిన గోలీలు, ఇంకోదానిలో ఉత్త గోలీలు. ఏది ఏదో భార్యకు మాత్రమే తెలుసు. ఆమె ఒక వారం ఒకటి, ఒక వారం ఇంకోటి ఇచ్చేది. సర్దార్ పాత నోటుబుక్కులో మస్టర్ గీతలు గీసి, రోజూ నొప్పికి మార్కులు వేశాడు. సంక్రాంతికి లెక్క తీస్తే రెండు సీసాలకూ మార్కులు దాదాపు ఒకటే. “రెండూ తియ్యగనే ఉన్నయ్ గదా, నొప్పికి మాత్రం ఎట్ల ఎర్కైతది?” అంది భార్య. డాక్టర్ నోటుబుక్కు చూసి, ఒక్క మనిషి రెండు మోకాళ్లతో శాస్త్రం తేలదు సర్దార్ సాబ్ అన్నాడు. అదీ నిజమే. సర్దార్ ఇప్పటికీ నెలకోసారి అక్కడికి పోతాడు. ఆ డాక్టర్ కలల గురించి అడుగుతాడు.

నీతి

తట్టి చూడనిదాని కింద ఇంకొకరిని పడుకోబెట్టకు. కథలో నీతి ఈ ఒక్క ముక్కే, కానీ హోమియో పేరు ఎత్తగానే మన ఇళ్లలో లేచే ప్రశ్నలు చాలా ఉంటాయి. వాటికి జవాబు చెప్పకుండా నీతి చెప్పడం చీటీ రాసిచ్చి వదిలేసిన డాక్టర్ పనే అవుతుంది.

మొదట సర్దార్ వీపు మీద కొట్టిన ఆ వేళ్ల సంగతి. ఆ పద్ధతి కనిపెట్టినవాడు లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్, ఆస్ట్రియాలో గ్రాజ్ అనే ఊరివాడు. తండ్రికి సత్రం ఉండేది. పీపాలో సారా ఎంతవరకు ఉందో బయట తట్టి తెలుసుకోవడం ఆ ఇంటి విద్య. 1761లో ఆయన ఛాతీని తట్టి రోగం కనుక్కోవడం మీద పుస్తకం రాశాడు. నాకు నచ్చేది ఆయన అక్కడితో ఆగకపోవడం. శవాల ఛాతీలో నీళ్లు ఎక్కించి, ఎంత నీటికి చప్పుడు ఎక్కడ మారుతుందో చూసుకున్నాడు. పరీక్షనే పరీక్షించాడు.

హోమియోపతికి మూలపురుషుడు సామ్యూల్ హానిమన్ ఆయన తర్వాతి తరంవాడు, 1755లో జర్మనీలోని మైసెన్‌లో పుట్టాడు. 1790లో ఒక వైద్య గ్రంథాన్ని అనువదిస్తూ సింకోనా బెరడు తాను తిని చూశాడు. చలిజ్వరం లక్షణాలు కనిపించాయనుకున్నాడు. ఆరోగ్యవంతుడిలో ఏ లక్షణాలు తెప్పిస్తుందో ఆ లక్షణాలున్న రోగాన్ని ఆ పదార్థమే తగ్గిస్తుందన్న సూత్రం అక్కడ మొలిచి, 1796లో వ్యాసమై, 1810లో ‘ఆర్గనాన్’ అనే గ్రంథమైంది. ఆయనను వెక్కిరించడం సులువు, అన్యాయం కూడా. ఆ రోజుల్లో పెద్ద డాక్టర్లు రోగి నరం కోసి రక్తం వదిలేవారు, పాదరసం తాగించేవారు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు అక్కడి హోమియో ఆసుపత్రిలో చనిపోయినవాళ్లు 16 శాతం చిల్లర, మిగతా ఆసుపత్రుల్లో సగానికి పైగా. శుభ్రత, విశ్రాంతి దొరికి, రక్తం తీయకుండా వదిలేస్తే రోగి బతికే అవకాశం పెరిగింది. మందు ఏమీ చేయకపోవడమే ఆనాడు మేలు చేసింది.

ఏమీ చేయకపోవడం అని ఎందుకంటున్నానంటే, గోలీలో ఏముందన్న ప్రశ్నకు లెక్క ఉంది. సీసా మీద 30 అని ఉంటే, ఒక వంతు మందును 99 వంతుల ద్రవంలో కలిపి కుదిపి, అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ 99 వంతుల్లో కలిపి, అలా ముప్పై సార్లు చేశారని. మన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నిండితే 20 టీఎంసీల నీళ్లు. నిండు ఎల్లంపల్లిలో ఒక్క చుక్క మందు వేసి బాగా కలిపారనుకోండి, ఆ పలుచన ఎనిమిదో మెట్టుకు వస్తుంది. భూమి మీది సముద్రాలన్నిటిలో ఒక్క చుక్క కలిపినా పదమూడో మెట్టుకు అందదు. పన్నెండో మెట్టు దాటేసరికే అవొగాడ్రో సంఖ్య ప్రకారం అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే ఆశ ఉండదు. 30 ఎక్కడ, 200 ఎక్కడ! కుదపడంలో శక్తి నీటికి ఎక్కుతుందని హోమియోవాళ్లు అంటారు. అంటే సరిపోదు, కనబడాలి. 1835లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో దీన్నే పరీక్షించారు. ఉప్పును 30 దాకా పలుచన చేసిన మందును కొన్ని సీసాల్లో, ఉత్త నీళ్లను కొన్నిటిలో నింపి, ఏది ఏదో ఇచ్చేవాళ్లకూ తాగేవాళ్లకూ తెలియకుండా పంచారు. ఆరోగ్యవంతులకు ఆ మందు తాగితే ఏదో ఒక లక్షణం రావాలి. తిరిగి వచ్చి చెప్పిన 50 మందిలో 42 మందికి ఏమీ కాలేదు. ఏదో అయిందన్న ఎనిమిది మందిలో ఐదుగురు మందు తాగినవాళ్లు, ముగ్గురు నీళ్లు తాగినవాళ్లు. సర్దార్ భార్య దాచిన రెండు సీసాల పద్ధతి ఇదే. ఈ కాలంలో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి 61 జబ్బుల మీద జరిగిన 176 అధ్యయనాలను జల్లెడ పట్టి, హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం ఒక్క జబ్బుకూ లేదని 2015లో చెప్పింది.

“మరి నాకు తగ్గింది గదా?” తగ్గింది. కాదనలేం. ఉలిపిరి కాయలు చాలావరకు వాటంతట అవే రాలిపోతాయి. జలుబు వారం పది రోజులుంటుంది. దురద, నడుము నొప్పి, ఆయాసం పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. బాగా పెరిగిన రోజునే మనం డాక్టర్ దగ్గరికి పరుగెత్తుతాం కాబట్టి తర్వాత మిగిలింది తగ్గడమే. పసిపిల్లకు నమ్మకం ఎక్కడిది, పశువుకు ఎక్కడిది అంటారు. తగ్గిందని చూసి చెప్పేది తల్లి, పశువుల యజమాని. అదీగాక, ఒక మనిషి తీరిగ్గా మీ ఎదుట కూర్చుని మీ కల గురించి అడిగితే కొంత నొప్పి అక్కడే దిగిపోతుంది. ఓపీ క్యూలో నిలబడినవాడికి ఆ మాట విలువ తెలుసు. కంపెనీ ఆసుపత్రులూ సర్కారు దవాఖానాలూ హోమియో నుంచి నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే అది ఆ కుర్చీ, ఆ ఓపిక.

“సైడ్ ఎఫెక్టులు ఉండవంట?” 30, 200 గోలీల్లో ఉండవు, లోపల ఏమీ లేదు కనుక. షుగర్ ఉన్నవాళ్లు భయపడేంత చక్కెర కూడా వాటిలో లేదు. మదర్ టింక్చర్లు, తక్కువ పొటెన్సీ మందులు వేరు, వాటిలో మందు నిజంగా ఉంటుంది. పిల్లలకు పళ్లు వచ్చేటప్పుడు ఇచ్చే కొన్ని హోమియో మాత్రల్లో బెల్లడోనా (మన ఉమ్మెత్త కుటుంబపు విషమొక్క) లేబుల్ మీద రాసినదానికంటే ఎక్కువ దొరికిందని 2017లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అయితే గోలీలకు అసలైన సైడ్ ఎఫెక్ట్ సీసాలో ఉండదు, క్యాలెండర్‌లో ఉంటుంది. బోనాల నుంచి దసరా దాకా పోయిన రోజులవి.

“గవర్నమెంటే ఒప్పుకుంది గదా!” ఒప్పుకుంది. 1973 చట్టం హోమియో చదువుకు, వృత్తికి ముక్కుతాడు వేసింది. మన దగ్గర కాలేజీలూ పాతవే. రామంతపూర్ కాలేజీ పేరులో ఉన్న జయసూర్య సరోజినీ నాయుడు కొడుకు, హోమియో వైద్యుడు. గుడివాడ కాలేజీ 1945 నాటిది. రాజమండ్రి కాలేజీకి మనందరినీ నవ్వించిన అల్లు రామలింగయ్య పేరుంది, ఆయనా హోమియో మందులిచ్చేవాడే. ఈ గుర్తింపు ఎవరు వైద్యం చేయవచ్చో, మందు ఎలా తయారుచేయాలో చెబుతుంది. మందు పనిచేస్తుందన్న రుజువు దానిలో లేదు. 1999 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు రాకుండా పిల్లలకు బెల్లడోనా, కాల్కేరియా కార్బ్, ట్యుబర్కులినమ్ పంచారు. ఆ తర్వాత కేసులు తగ్గాయి. దోమల మందు చల్లడం, పందులను ఊరవతలికి తోలడం కూడా ఆ కాలంలోనే జరిగాయి. ఏది తగ్గించిందో తెలియాలంటే మందు వేయని ఊళ్లతో పోల్చాలి. 2020లో కరోనాకు ఆర్సెనికం ఆల్బం 30 పంచినప్పుడూ జనం క్యూలు కట్టారు, పోల్చి చూసే ఓపిక అప్పుడు చాలామందికి లేకపోయింది.

ఇంగ్లీషు మందులతో కలిపి వాడొచ్చా? చక్కెర గోలీ ఏ మందుకూ అడ్డుపడదు. అడ్డుపడేది “అవి మానెయ్, నేనిచ్చేవి చాలు” అనే మాట. షుగర్, బీపీ, మూర్ఛ, టీబీ మందులు మానమన్నవాడి దగ్గరనుంచి లేచి రావాలి, అతని గోడ మీద ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నా సరే. హోమియో డాక్టరే చాటుగా ఇంగ్లీషు ఇంజెక్షన్లు ఇచ్చే చోట ఇంకా జాగ్రత్త. తనకు చదువులేని వైద్యపద్ధతిలో మందులు రాయడం దానికదే నిర్లక్ష్యం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది. ఆ కేసులో హోమియో డాక్టర్ ఇంగ్లీషు మందులతో జ్వరానికి వైద్యం చేశాడు, రోగి బతకలేదు.

ఇక దగ్గు సంగతి. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష సర్కారులో ఉచితం, మందులు ఉచితం, తిండికి నెలకు వెయ్యి రూపాయలు కూడా ఇస్తున్నారు. బాయిలో, ఓపెన్‌కాస్టులో, క్రషర్ల దగ్గర రాతిదుమ్ము పీల్చినవాళ్లు రెండు వారాలు కూడా ఆగాల్సిన పనిలేదు.

ఉల్లిగడ్డ మిగిలింది, అందరూ మొదట అడిగేది అదే. ఈ పథ్యాలు హానిమన్ నుంచి వస్తున్నవి. కాఫీ మీద ఆయనకు ఎంత కోపమంటే, దానివల్ల ఎన్ని రోగాలొస్తాయో చెబుతూ 1803లో ఒక పుస్తకమే రాశాడు. ఇప్పటి హోమియో డాక్టర్లలో కొందరు ఉల్లిగడ్డ వద్దంటారు, కొందరు తినమంటారు. మీ డాక్టర్ ఏ రకమో ఆయననే అడగండి, ఎక్స్‌రే తీయించుకుని పోయినప్పుడు.